గాటు పెట్టని ఎండునిమ్మ

పోయిన వారం షహర్ బానోని సింగపూర్ పాయా లేబర్‌లో, జనార్ధనరావుగారి ఆఫీసులో, చేతిలో పెన్నుతో అలాగే కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, అప్పటినుంచీ ఆ పెన్ను కాగితం మీద ఆనలేదు. ఇవాళే చదవడం మొదలుపెట్టినవాళ్ళు కంగారు పడనక్కర్లేదు, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

బానో హైదరాబాదు దారుల్‌షిఫాలో పుట్టి పెరిగింది. ఆమె నానీమా, అంటే అమ్మమ్మ, ఇరాన్‌లోని యజ్ద్ నుంచి కోడలిగా వచ్చిన మనిషి. ఆవిడ చేతి వంట ఘోర్మె సబ్జీ. ఆకుకూరలన్నీ నల్లబడేదాకా వేయించి, అందులో మాంసం, రాజ్మా, ఎండునిమ్మకాయలు వేసి పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఉడికించే పుల్లకూర. మన గోంగూర మాంసానికి, తెలంగాణలో పుంటికూర మాంసం అంటారే, దానికి అక్క వరస అనుకోండి. వుడ్‌ల్యాండ్స్‌లో కాపురం పెట్టాక బానో ఆ కూరని ముందు ఇరుగుపొరుగుకి పెట్టింది, తర్వాత ఆర్డర్ల మీద వండింది, చివరికి డబ్బాల్లో పెట్టి అమ్మి తీరతానంది. మూత లాగి, వేడి చేసుకుని, అన్నంలో కలుపుకుంటే సరి. డబ్బాలో కూర చెడకుండా ఉండాలంటే ఏం చెయ్యాలో పద్ధతి తయారుచేసి ఇచ్చింది కావ్యశ్రీ. తణుకు పిల్ల, ఇక్కడ యూనివర్సిటీ ఫుడ్ ల్యాబ్‌లో రీసెర్చ్ చేస్తోంది. ఆ డబ్బాలని సూపర్ మార్కెట్లకి ఎక్కిస్తానని ముందుకొచ్చిన పెద్దమనిషి జనార్ధనరావుగారు. ఒప్పందం మీద బానో సంతకం పెట్టబోతుండగా కావ్యశ్రీ తలుపు తోసుకుని వచ్చి, సంచీలోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. అక్కడే ఆపాను. తిట్టుకున్నారని తెలుసు.

ఆ డబ్బా మూత ఉబ్బి ఉంది.

"సంతకం పెట్టకండి ఆంటీ," అంది కావ్యశ్రీ. స్టేషన్ నుంచి పరిగెత్తుకొచ్చినట్టుంది, కళ్ళజోడు ముక్కు మీదకి జారిపోయింది, దాన్ని సర్దుకోవాలని కూడా తోచడం లేదు.

జనార్ధనరావుగారు ముందుకు వంగి మూతని వేలితో నొక్కి చూశారు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊళ్ళో తిండి సరుకులు అమ్ముతున్న మనిషి. ఉబ్బిన డబ్బా అంటే ఏమిటో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. వేలు చటుక్కున వెనక్కి తీసుకుని చొక్కాకి తుడుచుకున్నారు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"మన మొదటి బ్యాచ్‌లోదే అంకుల్. ప్రతి బ్యాచ్‌లోంచీ కొన్ని తీసి వెచ్చటి గదిలో పెట్టి ఉంచుతాం. లోపల క్రిమి ఏదైనా బతికుంటే ఆ వెచ్చదనానికి బయటపడుతుంది. ఇవాళ పొద్దున్న గది తలుపు తీస్తే ఇది ఇలా ఉంది. అన్నీ ఉబ్బలేదు గానీ ఇదొక్కటే కాదు, ఇంకా ఉన్నాయి."

"ఎక్కడన్న కింద పడి సొట్టపోయుంటది బేటా," అంది బానో.

"సొట్ట లోపలికి పోతుంది ఆంటీ. ఇది బయటికి వచ్చింది."

బానో పెన్ను మూత పెట్టేసింది, మళ్ళీ తీసింది. ఏం చేస్తోందో ఆమెకే తెలియడం లేదు.

"ఒక డబ్బా ల్యాబ్‌లో కోసి చూశాను," అంది కావ్యశ్రీ. "మాంసం ఉడికింది, గింజలు ఉడికాయి, ఆకు సంగతి సరే. నిమ్మకాయ తీసి చూస్తే దానికి గాటు లేదు. నున్నగా, గట్టిగా, గోళీకాయలా ఉంది. చాకుతో కోస్తే మధ్యలో ఇంకా పొడిగానే ఉంది."

ఎండునిమ్మకాయ చూశారా ఎప్పుడైనా? ఉప్పునీళ్ళలో మరగబెట్టి, ఎండలో పెట్టి పెట్టి, నల్లగా తేలిగ్గా అయిపోయిన నిమ్మకాయ. పట్టుకుంటే బరువుండదు, లోపలంతా గాలే. కావ్యశ్రీ ఇచ్చిన పద్ధతిలో మొట్టమొదటి పని దాని గురించే. ప్రతి కాయకీ రెండు పక్కలా గాటు పెట్టాలి, వేడినీళ్ళలో వెయ్యాలి, అది అడుక్కి మునిగేదాకా ఆగాలి, ఆ తర్వాతే డబ్బాలోకి. ఇందులో మినహాయింపు లేదని ఆ పిల్ల ఫ్యాక్టరీ వాళ్ళకి నోటితోనూ చెప్పింది, చేసి కూడా చూపించింది.

"ఏవిటీ నిర్లక్ష్యం!" జనార్ధనరావుగారు కుర్చీలోంచి లేచారు. "ఒక్కొక్క కాయకీ గాటు పెట్టడానికి బద్ధకించారన్నమాట. ఆ సూపర్‌వైజర్ ఎవడో వాణ్ణి ఇవాళే పంపించెయ్యండి. బ్యాచ్ పారేద్దాం, కొత్త మనిషిని పెట్టి మళ్ళీ చేద్దాం. ఏమ్మా బానో, అంతేగా?"

చూశారా, ఎంత సులువుగా దారి తెరుచుకుందో! అవునని తల ఊపితే అయిపోయేది. ఆ సూపర్‌వైజర్ రోజూ మలేషియాలోని జోహోర్ నుంచి వంతెన దాటి వచ్చి వెళ్ళే మలయ్ మనిషి, ఇక్కడ లేడు, తన మాట తను చెప్పుకోలేడు. బానో తల ఊపుతుందేమోనని, నిజం చెప్పొద్దూ, నాక్కూడా ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

"ఆయనను తీసెయ్యకుండ్రి అంకుల్," అంది బానో. "నేనే చెప్పిన, గాటు పెట్టొద్దని."

కావ్యశ్రీ ఆమె వంక చూసిన చూపు వర్ణించడం నా వల్ల కాదు. కోపం కంటే ముందు నమ్మకం పోవడం ఉంటుంది చూడండి, అది.

"మీరా?"

"నేనే. నువ్వు చెప్పినట్టు చేసిన డబ్బాలు ముందు తిని చూసినం గదా బేటా. నీకు బాగనే ఉండే. నాకు చేదు తగిలింది. గాటు పెడితే గింజల చేదంతా పులుసులకు దిగుతది. మా నానీమా అయితే కాయకు చాకు తగిలిందంటే చేతి మీద కొట్టేది. కాయ కాయలెక్కనే ఉండాలె. ఆఖరుకు, దించే ముందట, గరిటెతోని గిన్నె గోడకు పెట్టి ఒత్తాలె. అప్పుడు దిగే పులుపు పులుపు." ఆమె చేతులు బల్ల మీద ఆ ఒత్తడం చేసి చూపిస్తున్నాయి, ఆమెకి తెలియకుండానే. "డబ్బాల కూడ అట్లనే అనుకున్న. కాయ నిండుగ ఉంటది, తినేటోళ్ళు మూత తీసి వేడి చేసుకునేటప్పుడు చెంచాతోని ఒత్తుకుంటరు, తాజా పులుపు దిగుతది అనుకున్న. డబ్బా కూర అని ఎవరూ అనొద్దు, ఇంట్ల వండినట్టుంది అనాలె. అంతే నా ఆశ."

జనార్ధనరావుగారి చెయ్యి మెల్లగా పొట్ట మీదకి వెళ్ళింది. "అమ్మా... నేను పోయిన వారం ఇక్కడ తిన్నది? కళ్ళు మూసుకుని మరీ తిన్నాను, గిన్నె నాకినంత పనిచేశాను. అది ఏ డబ్బాలోది?"

"అది డబ్బాది కాదంకుల్. ఇంట్ల కుండల వండి తెచ్చిన."

"హమ్మయ్య," అని ఆయన కూలబడ్డారు. ఆ తర్వాత గానీ ఆయనకి ఇంకో సంగతి తట్టలేదు. తనకి రుచి చూపించింది ఒకటి, అమ్మబోతున్నది ఇంకొకటి. ముఖం మాడ్చుకున్నారు గానీ ఆ విషయం ఎత్తడానికి అది సమయం కాదని ఊరుకున్నారు.

"నన్ను ఒక్క మాట అడగొచ్చు కదా ఆంటీ," అంది కావ్యశ్రీ.

"అడిగితే వద్దంటవు."

"వద్దనే అంటాను! ఎందుకంటానో వినాలి కదా!" ఆ పిల్ల ఎప్పుడూ గట్టిగా మాట్లాడదు, ఇవాళ గాజు తలుపు అవతల ఉన్నవాళ్ళు తలెత్తి చూశారు. "నీళ్ళు తగిలినచోటే మనం మూసిన డబ్బాకి పట్టించే ఆవిరి వేడి పనిచేస్తుంది ఆంటీ. కాయ లోపల పొడిగా ఉంటే, ఆ పొడిలో దాక్కున్న క్రిమి ఎంత వేడికైనా చావదు. మిగతా కూరలో ఉన్నవన్నీ చస్తాయి, ఇది ఒక్కటే మిగులుతుంది. తర్వాత మెల్లగా కాయ నానుతుంది, క్రిమికి నీళ్ళు దొరుకుతాయి, డబ్బాలో గాలి ఉండదు, దానికి కావలసింది అదే. అది విషం తయారుచేస్తుంది, నరాలని పట్టేసే విషం, ముందు రెప్పలు వాలతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మాట ముద్దవుతుంది. రుచి మారదు, చాలాసార్లు వాసన కూడా మారదు. తిన్నవాళ్ళకి తెలియదు. మీ నానీమా చేసింది తప్పు కాదు. ఆవిడ అప్పటికప్పుడు వండి అప్పటికప్పుడు పెట్టింది. దాన్ని మూత బిగించి నెలల తరబడి ఉంచలేదు."

బానో రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆమె ఏడవడం లేదు. సిగ్గుపడుతోంది, భయపడుతోంది, నానీమా మీద మొదటిసారి కోపం కూడా వచ్చింది, ఆ కోపానికి మళ్ళీ సిగ్గుపడింది.

తలుపు కొంచెం తెరుచుకుని రుచిత తల పెట్టింది. జనార్ధనరావుగారి అమ్మాయి, ఇక్కడే పుట్టింది, తండ్రి ఆఫీసులోనే పని. "డాడీ, లాయర్ ఈజ్ వెయిటింగ్ లా. హౌ లాంగ్?"

"కాసేపు ఆగమను. మకాన్‌కి తీసుకెళ్ళు కావాలంటే, ఏదైనా తిని రండి," అన్నారాయన విసుగ్గా. తలుపు మూసుకుంది.

"బ్యాచ్ మొత్తం ఎక్కడుంది ఇప్పుడు?" అని అడిగింది కావ్యశ్రీ. "ఒక్క డబ్బా అయినా బయటికి వెళ్ళిందా? అది చెప్పండి ముందు."

"పోలే. అన్నీ వుడ్‌ల్యాండ్స్‌ల ఫ్యాక్టరీలనే ఉన్నయి, తాళమేసి. నువ్వు సరే అనేదాక ఒక్కటి గూడ కదిలించొద్దన్నవు, కదిలించలే."

కావ్యశ్రీ నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది. అక్కడే నిలబడి ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, స్టోరు గదిలో పెట్టెలు చూసి చెప్పమంది. లైను కట్ చెయ్యకుండా పట్టుకునే ఉంది. కాసేపటికి అవతలి మనిషి ఏదో చెప్పాడు. ఆ పిల్ల ఫోన్ చెవి దగ్గరినుంచి దించింది.

"ఒక పెట్టె లేదు. డబ్బాలు తయారైన రోజే ఇఫ్తేఖార్ అంకుల్ వచ్చి తీసుకెళ్ళారట. లేబుళ్ళు అంటించకముందే."

బానో కుర్చీ అంచు పట్టుకుంది. "నియాజ్," అంది.

మీలో కొందరికి తెలిసే ఉంటుంది. నియాజ్ అంటే పెద్దల పేరు మీద ఫాతిహా ప్రార్థన చదివి పంచిపెట్టే తిండి. నానీమా ఇంట్లో దానికో కట్టుబాటు ఉండేది. ఏ కొత్త పని మొదలుపెట్టినా మొదటి గిన్నె అమ్మకానికి కాదు, నియాజ్‌కి. వండినవాళ్ళు దాన్ని పంచకూడదు, ఇంట్లో ఇంకొకరు తీసుకెళ్ళాలి. ఎవరికిచ్చారో వాళ్ళు ఇంటికొచ్చి చెప్పకూడదు, వండినవాళ్ళు అడగకూడదు. ఇచ్చామన్న గర్వం వంటింట్లోకి రాకూడదని. దాని మీద ఎవరి పేరూ ఉండకూడదు. పెళ్ళయిన కొత్తలో ఇఫ్తేఖార్‌కి ఈ కట్టుబాటు నేర్పింది బానోయే. ఆయన అక్షరం తప్పకుండా పాటిస్తాడు. ఈసారీ పాటించాడు. పెట్టె తీసుకెళ్ళాడని బానోకి తెలుసు, ఎవరికిచ్చాడో తెలియదు. నియాజ్‌ని ఆమె 'బయటికి వెళ్ళిన సరుకు' కింద అనుకోనేలేదు, అందుకే నోటికి రాలేదు. అబద్ధమాడలేదు పాపం, మరిచిపోయింది.

వెంటనే భర్తకి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఇఫ్తేఖార్ జురాంగ్ ఐలాండ్‌లో ఇంజనీరు. అది రసాయనాల ప్లాంటు, ఫోన్లు లాకర్లో పెట్టి గాని లోపలికి వెళ్ళనివ్వరు. మధ్యాహ్నం భోజనానికి బయటికొస్తే తప్ప ఆయన చూడడు. ఆఫీసు నంబరుకి చేసి, అర్జంటు, బయటికి పిలవమని చెప్పింది. చెప్తామన్నారు. ఇక ఎదురుచూడటమే.

ఎదురుచూపులు మహా చెడ్డవి, మనిషి బుర్రలోకి ఏవేవో వస్తాయి. జనార్ధనరావుగారు కిటికీ దాకా వెళ్ళారు, వచ్చారు, గొంతు సవరించుకున్నారు.

"ఒక మాట చెప్తాను, ఆవేశపడకండి. ఆ పెట్టె మీద లేబుల్ లేదు. పేరు లేదు. ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. ఈ గదిలో ముగ్గురం తప్ప."

"అంకుల్!" అంది కావ్యశ్రీ.

"నన్ను పూర్తి చెయ్యనివ్వమ్మా. దొరికితే సరే, వెనక్కి తెచ్చేద్దాం. దొరకలేదనుకో. ఎవరికీ ఏమీ అవకపోవచ్చు కూడా, అన్ని డబ్బాలూ ఉబ్బలేదని నువ్వే అంటున్నావు. మనంతట మనం వెళ్ళి చెప్పుకుంటే ఏమవుతుంది? ఫుడ్ ఏజెన్సీ వాళ్ళు తాళం వేస్తారు. పేపర్లో వస్తుంది. ఇక ఈ జన్మలో బానో పేరు మీద ఒక్క డబ్బా కూడా అల్మారా ఎక్కదు. నీ పేరు కూడా పోతుంది, పద్ధతి నీది కదా. నేనేమీ దుర్మార్గుణ్ణి కాదు. మీ ఇద్దరి కష్టం చూశాను కాబట్టి అంటున్నాను."

నిజమే, ఆయన దుర్మార్గుడు కాదు. ఆయన కళ్ళలో జాలే ఉంది. అందుకే ఆ మాట ఇంకా ప్రమాదకరం.

కావ్యశ్రీ కూడా మనిషే, తన చదువు, తన పేరు, ఇంటి దగ్గర తన మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు, అన్నీ ఆ నిమిషంలో కళ్ళముందు తిరిగి ఉంటాయి. బానో వంక చూసింది. పెద్దవాళ్ళు మీరే చెప్పండి అన్నట్టు.

బానో ఆ ఉబ్బిన డబ్బాని తన వైపు లాక్కుంది.

"అంకుల్, పేరు పెట్టకుండ ఎందుకిస్తమో తెలుసా మీకు? తిన్నోడు మనకు తలొంచొద్దని. మనం తప్పించుకునేతందుకు గాదు." కాగితాలు ఆయన వైపు జరిపింది. "ఇవి తీసి లోపల పెట్టుకోండి. కావ్యా, నువ్వు ఏజెన్సీకి ఫోన్ చెయ్యి. తప్పు నాది, నీ పద్ధతిది గాదని చెప్పు. నా పేరే చెప్పు. పూర్తిగ చెప్పు."

జనార్ధనరావుగారు కాగితాలు తీసుకోలేదు, వెనక్కి తోయనూ లేదు. కుర్చీలో కూర్చుని కళ్ళు నులుముకున్నారు. కావ్యశ్రీ ఫోన్ అందుకుని గది మూలకి వెళ్ళింది. రెండు మాటలు మాట్లాడిందో లేదో, బల్ల మీద బానో ఫోన్ మోగింది.

ఇంట్లో ఆ మొగుడూ పెళ్ళాలు దక్కనీలోనే మాట్లాడుకుంటారు. ఎదురుగా ఉన్నవాళ్ళకి అర్థం కావాలని బానో స్పీకర్ నొక్కి తెలుగులోనే మొదలుపెట్టింది.

"ఏమైంది బానో? ఆమ్నా బాగుందా?" ఇఫ్తేఖార్ ఆయాసపడుతున్నాడు. కూతురికే ఏదో అయిందనుకుని వచ్చినట్టున్నాడు.

"ఆమ్నా కాలేజీల ఉంది. నియాజ్ పెట్టె ఎవరికిచ్చినవు?"

"అదేంది? నువ్వే అడుగుతున్నవా?"

"అడుగుతున్న. చెప్పు."

"చెప్పొద్దు గదా. నువ్వే నేర్పినవు. ఇరవై రెండేండ్లల ఒక్కసారి చెప్పలే నేను, నువ్వు ఒక్కసారి అడగలే. ఇయ్యాల ఏమొచ్చింది?"

"డబ్బాలు ఖరాబైనయి."

"ఖరాబైతే ఇంకో పెట్టె ఇద్దం. దానికి ఇంత..."

"ఇఫ్తేఖార్!" ఆమె అరిచింది. పెళ్ళయ్యాక మొగుణ్ణి నలుగురి ముందు పేరు పెట్టి అరవడం అదే మొదలు. "విషముంది అందుల! నా చేతులతోని నేను పెట్టిన విషం! నానీమా వచ్చి నా నెత్తి మీద కూసున్నా సరే, నాకు పేరు కావాలె. ఎవరికిచ్చినవు?"

ఫోన్లో ప్లాంటు బయటి లారీ చప్పుడు వినిపించింది.

"రామన్నకు," అన్నాడు. "మొత్తం ఆయనకే ఇచ్చిన. మా సైటుల పరంజా కట్టేటాయన, జగిత్యాల దిక్కు. కాంట్రాక్టు ఖతమైంది, ఇంటికి పోతుండు. ఇంటోళ్ళకు ఏం కొన్నవు రామన్నా అంటే నవ్వి ఊకున్నడు. మనసు పట్టలే బానో. సింగపూర్ కూర అని చెప్పి పెట్టుకపో అన్న. సంబరపడ్డడు. బట్టల నడుమ చుట్టి పెట్టుకున్నడు."

"ఎప్పుడు పోయిండు?"

"శుక్రవారం ఫ్లైట్."

ఇవాళ సోమవారం. కావ్యశ్రీ మూలనుంచి వచ్చేసింది, ఫోన్లో ఏజెన్సీ వాళ్ళని అలాగే ఆపి.

"ఆయన నంబరు?" అని అడిగింది.

"ఇక్కడి సిమ్ తీసేసిండు. ఆగు బేటా, ఆగు. ఒకసారి నా ఫోన్ల ఇంటికి మాట్లాడిండు, వాళ్ళావిడ నంబరుంటది. పంపిస్త. యా అల్లా, ఇప్పుడే పంపిస్త."

నంబరు వచ్చింది. "నేను మాట్లాడతా ఇవ్వండి," అంది కావ్యశ్రీ.

"వద్దు. నా కూర. నేనే చేస్త."

వీడియో కాల్ కలిసింది. మొదట వెలుగు, తర్వాత ఎర్ర రేకుల పందిరి, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళ అమ్మాయి ముఖం. పేరు శ్రీలేఖ అని నంబరు పక్కన ఉంది. తనెవరో బానో చెప్పగానే ఆ ముఖం విప్పారింది.

"ఇఫ్తేఖార్ సార్ వాళ్ళ మేడమా? నమస్తె మేడం! ఆయన గిప్పుడే జగిత్యాలకు పోయిండు, బ్యాంకుల పని ఉండె. సార్ మీ పేరు చెప్పలేదంట గని, మీరే వండిండ్రని మా ఆయనకు ఎరుకైంది మేడం. గంత దూరం నుంచి కూర పంపినరు, ఎట్ల మొక్కాల్నో మీకు."

"అమ్మా, ఆ డబ్బాలు... తీసిండ్రా? ఎవరన్న తిన్నరా?"

"ఒక్కటే తీసినం మేడం, మొన్న రాత్రి. మిగిలినయి గూట్లె పెట్టిన. నిజం చెప్తున్న, ఏమనుకోకుండ్రి. పొల్లగాండ్లు నల్లగున్నదని ముట్టలే. నాకు శనివారం, నీసు తినను. ఆయనేమో సింగపూర్‌ల తిన్న గదా అని మాకే ఇడిచిపెట్టిండు." ఆమె నవ్వింది. "మా అత్తమ్మనే తిన్నది. డబ్బ మొత్తం తిన్నది. అచ్చం పుంటికూర మాంసం లెక్క ఉన్నదే అన్నది. గిట్ల మా అమ్మ వండుతుండె, మల్ల గీ వయసుల నోటికి తగిలింది అన్నది. అండ్ల నల్ల కాయ సుత వదలలే, చప్పరించి చప్పరించి తిన్నది. గా మేడంకు మంచిగుందని చెప్పుమని ఒక్కటే తీర్గ చెప్తంది."

ఆ మాట కోసం బానో ఎన్నేళ్ళు ఎదురుచూసిందో మీకు తెలుసు. డబ్బా కూర తిని ఎవరో ఒకరు తమ అమ్మ చేతి వంట అనాలని. అన్నారు.

కావ్యశ్రీ ఫోన్‌కి కనబడకుండా బానో పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెవిలో గుసగుసగా అంది, "ఇప్పుడు ఎలా ఉందో అడగండి."

"అత్తమ్మ... ఇప్పుడెట్లుంది?"

"మంచిగనే ఉన్నది మేడం. జర సుస్తీ. నిన్న మాపటి నుంచి పండుకునే ఉన్నది. ఎండలు గదా. కండ్లు మూతలు పడుతున్నయంటది, బువ్వ మింగుతలేదు, మాట జర ముద్దగ వస్తంది. కొడుకొచ్చిన సంబురానికి రెండు రాత్రులు నిద్రపోలే, గందుకే అనుకున్నం."

కావ్యశ్రీ బానో మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగాయి. "ఆసుపత్రికి, పెద్దాసుపత్రికి, ఇప్పుడే," అంది, ఈసారి గుసగుసగా కాదు.

"అమ్మా, నా మాట విను," బానో మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "బండి పిలువు. అత్తమ్మను ఇప్పుడే దవాఖానకు..."

"ఆగుండ్రి మేడం, మీరే మాట్లాడుండ్రి, ఖుషీ అయితది," శ్రీలేఖ అప్పటికే లేచి నడుస్తోంది. తెర మీద గడప, మంచం కోడు, ఆకుపచ్చ దుప్పటి కదిలాయి. "అత్తమ్మా! ఓ అత్తమ్మా! లే జర. కూర పంపిన మేడం మాట్లాడుతంది సింగపూర్ నుంచి."

ముసలామె దిండు మీద తల తిప్పింది. రెండు కళ్ళూ మూసుకునే ఉన్నాయి. తెరవాలని చూసింది, రెప్పలు లేవలేదు. చూపుడు వేలితో ఒక రెప్పని, బొటనవేలితో ఇంకో రెప్పని పైకెత్తి పట్టుకుని, ఫోన్ వంక చూసి నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"సల్లగుండు బిడ్డా," అంది మెల్లగా, నాలుక మడత పడుతుంటే. "మీ ఇద్దర్ల కూర అండింది ఎవరు?"

ఆవిడ చూస్తున్న తెర మీద ఉన్నది బానో ఒక్కతే.